తడికి తెల్లబడ్డ కప్పీలు

1. రోహిణి కార్తె

రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు. గిద్దకొండ మీద రోళ్ళు బాగానే ఉన్నాయి గానీ, మూసలు చేసే మట్టి మాత్రం ఆరీఆరకముందే బీటలు వారుతోంది. పొద్దున చేసినవి పారేసి మళ్ళీ మట్టి తొక్కాను. కొలిమి బాధ్యత నాది. ఏ కార్తెలో ఏం పోశామో, ఏం పగిలిందో రాసిపెట్టమని కొండసభ వాళ్ళు అడిగారు, రాస్తున్నాను.

రెండు కొండల మధ్య తీగ మీద వేలాడుతూ నడిచే తీగబండికి కప్పీలన్నీ ఇక్కడే తయారవుతాయి. దొరికే ఇనుమంతా తీగకే చాలదు, అందుకని కప్పీలకి సత్తే, అంటే అల్యూమినియమే గతి. కింద సముద్రంలో మునిగిన ఊళ్ళలోంచి పడవవాళ్ళు తెచ్చే కిటికీ చట్రాలు, ఇంజను ముక్కలు, సత్తు గిన్నెలు కరిగిస్తాం. ఉత్త సత్తు కప్పీని తీగ ఒక్క వానాకాలంలో వెన్నముద్దలా కోసేస్తుంది. అందుకే అందులో ఊకపొడి.

తీగబండి పనివాళ్ళకి కొత్త పెద్దగా వచ్చిన దాలినాయుడన్న ఇవాళ కొలిమి చూడ్డానికి వచ్చాడు. ఊకపొడి అనగానే నా మొహంలోకి చూశాడు.

"ఊకతో చక్రమేటమ్మా? పొయ్యిలో వేస్తే భగ్గుమనేది కదా."

పక్కనే ఉన్న హైమక్క నవ్వింది. హైమావతి అక్క రసాయనశాస్త్రం చదివింది. ఈ కొలిమి మొదలైంది ఆవిడ వల్లే. "వరి ఊకలో ఇసక దాక్కుని ఉంటుంది నాయుడూ. గాలి తగలకుండా బాగా కాలిస్తే ఆ ఇసకా, ఊక బొగ్గూ కలిసి కొత్త గింజ పుడుతుంది. సిలికాన్ కార్బైడ్ అంటారు. దాంతో గాజు మీద గీస్తే గీత పడుతుంది" అని కాస్త పొడి ఆయన అరచేతిలో పోసింది.

మూస ఎలా నింపుతామో నేను చూపించాను. ముందు పొడిని దట్టంగా కూరతాం, పైన సత్తు దిమ్మ పెడతాం. సత్తు కరిగి గింజల సందుల్లోకి దిగాలి, మరమరాల్లోకి బెల్లం పాకం దిగినట్టు. తనంతట తాను దిగదు. తామరాకు మీద నీళ్ళలా పైనే గుండ్రంగా నిలబడుతుంది. కాస్త మెగ్నీషియం కలిపి, కొలిమిలో గాలి తీసేసి నైట్రోజన్ నింపితే అప్పుడు లొంగుతుంది. ఎవరూ ఒత్తక్కర్లేకుండా గింజ గింజనీ తడుపుకుంటూ అడుగుదాకా వెళ్తుంది.

"దిగినందువల్ల బలమెలా వస్తుంది?" అన్నాడు నాయుడన్న.

"మెత్తటి లోహం మీద బరువు పడితే లోపల పొరలు పేకముక్కల్లా జారతాయి అన్నా. మధ్యలో గట్టి గింజలుంటే జారే దారి మూసుకుపోతుంది. బరువులో చాలా వాటా గింజలే మోస్తాయి. పైగా చల్లారేటప్పుడు సత్తు బాగా ముడుచుకుంటుంది, గింజ అంతగా ముడుచుకోదు. దాంతో గింజ చుట్టూ సత్తు బిర్రుగా బిగుసుకుంటుంది."

"అయితే అంతా గింజలే వేసీ."

"అప్పుడది కప్పీ కాదు, కుండ. దెబ్బ తగిలితే పగులుతుంది. సత్తు సాగాలి, గింజ ఆపాలి."

"మా ఇంట్లోనూ అంతే. మా ఆవిడే గింజ" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఆ పొడిని పారబోయకుండా జేబు రుమాల్లో కట్టుకున్నాడు.

2. మృగశిర

వానలు మొదలయ్యాయి. లోయ అవతలి జీలుగుకొండకి బియ్యం మూటలు వెళ్తున్నాయి, అట్నుంచి కర్రపెండలం, చింతపండు వస్తున్నాయి. మధ్య లోయంతా ఉప్పునీళ్ళు. వానాకాలం ఆ నీళ్ళలో సుడులకి పడవ నిలవదు, తీగబండి తప్ప దారి లేదు.

మా ఆయన పోలయ్య బండిలో బ్రేకు పట్టే పని చేస్తాడు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "కప్పీలు ఈసారి మంచి పనితనమే. చప్పుడే లేదు" అన్నాడు.

ఆ మాట హైమక్కకి చెప్పాను. సంతోషపడింది. చలికాలంలో పోసిన కప్పీలవి, ఆవిడ వాటితో చాలా అవస్థ పడింది. మెగ్నీషియం తెచ్చే పడవలు రాలేదు, ఉన్నదాన్ని చిటికెడు చిటికెడు వాడాం. మెగ్నీషియం తక్కువైతే సత్తు దిగదు. ఎలా అని తల పట్టుకుని కూర్చుంటే, వేడి పెంచుదాం, ఎక్కువసేపు ఉంచుదాం అంది హైమక్క. అలాగే చేశాం. ఇంజను ముక్కలు కూడా అయిపోయాయి, గిన్నెల సత్తే దిక్కయింది. అయినా కప్పీలు కోసి చూస్తే ఎక్కడా చిన్న సందు లేదు. బరువు వేలాడదీసి చూస్తే అంతకుముందు కప్పీలకంటే ఎక్కువే మోశాయి. ఆ రోజు హైమక్క కొలిమి దగ్గర అందరికీ పాయసం వండి పెట్టింది.

నూనె పెట్టడానికి తీగ మోసే రెండో స్తంభం ఎక్కినవాళ్ళు ఒక కప్పీ అంచున తెల్లమచ్చ ఉందన్నారు. ఉప్పుగాలి కదా, తుడిచేయమన్నాను.

3. ఆరుద్ర

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు అని మా అత్త ఇవాళ కూడా అంది. కురుస్తోంది, ఆగడం లేదు.

తుడిచిన మచ్చ మళ్ళీ వచ్చింది. పక్క కప్పీల మీదా వచ్చింది. పోలయ్య ఒక కప్పీ విప్పి భుజాన వేసుకుని తెచ్చాడు. అంచు మీద ముగ్గుపిండి రాసినట్టుంది. గోరుతో గీకితే పిండి రాలి, కింద గుంట కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన వెల్లుల్లి వాసన.

హైమక్క చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఉప్పు తిన్న సత్తుని మా ఇద్దరం ఎన్నోసార్లు చూశాం. అది పైపైన తింటుంది. ఇది లోపల్నుంచి ఉబ్బుతోంది.

"అంచు వెడల్పు పెరిగింది తవిటీ" అంది చివరికి నాతో. "కొలిచి చూడు."

కొలిచాను. పెరిగింది.

4. ఆరుద్ర, వాన తెరిపిచ్చిన పూట

హైమక్క ఆకురాయితో ఆ కప్పీ లోపలి భాగం నుంచి కాస్త రజను తీసింది. గాజుగ్లాసులో వేడినీళ్ళు పోసి అందులో వేసింది. సోడా పొంగినట్టు బుడగలు లేచాయి. నిరుడు ఇంజను ముక్కలతో పోసిన పాత కప్పీ రజను ఇంకో గ్లాసులో వేసింది. అది అడుగున ఊరికే పడి ఉంది.

బుడగలొచ్చే గ్లాసు మీద సీసా బోర్లించి పట్టి, కాసేపయ్యాక సీసా మూతి దగ్గర అగ్గిపుల్ల గీసింది. లోపల చేరిన గాలి నీలంగా మండి ఆరిపోయింది.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. నేను అడక్కుండానే చెప్పింది.

"వేడి ఎక్కువై, సేపు ఎక్కువై, సత్తు ఆ గింజల్నే కొరుక్కు తింది. గింజలోని బొగ్గుతో కలిసి గింజ చుట్టూ వేరే పొర పెట్టింది. అల్యూమినియం కార్బైడ్. పొడిగా ఉన్నంతకాలం ఏమీ కాదు. తడి తగిలితే పిండైపోతుంది, గాలి వదులుతుంది. ఇంజను ముక్కల్లో సిలికాన్ ఉంటుంది, అది ఉంటే సత్తుకి అంత ఆకలి ఉండదు. గిన్నెల సత్తులో అది లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ, సత్తు దిగితే చాలనుకున్నాను."

"ఇద్దరం కలిసే చేశాం అక్కా."

"వేడి పెంచమన్నది నేను."

"పాయసం ఇద్దరం తిన్నాం" అన్నాను. ఆవిడ నవ్వలేదు. గ్లాసులు కడిగి పెట్టాను.

5. పునర్వసు

కొండసభ పెట్టారు. బండి ఆపాలని నేనే లేచి చెప్పాను.

వాళ్ళు కోప్పడ్డారంటే తప్పు పట్టను. జీలుగుకొండ నుంచి వైర్‌లెస్‌లో మాట్లాడిన పెద్దాయన, "ఇవాళ కూడా బండి వచ్చింది కదమ్మా. తిరిగే చక్రాన్ని ఆపమంటావేంటి? మా పొయ్యిల్లోకి ఏం పెట్టుకోవాలి?" అన్నాడు.

మాటలతో లాభం లేదనిపించింది. విప్పి తెచ్చిన కప్పీని అరుగు మీద పెట్టి, చెక్కసుత్తితో ఒక్కటి వేశాను. అంచులోంచి అరచేయంత ముక్క ఊడి అక్కడే నలిగింది.

హైమక్క లేచి, "ఈ పొరపాటు నాది" అని మొదలుపెట్టింది. దాలినాయుడన్న ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "పొరపాటు ఎవరిదో తర్వాత చూద్దాం అమ్మగారూ. కొత్తవి ఎప్పటికి ఇస్తారో చెప్పండి."

కొత్తవి ఎలా చెయ్యాలో ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది. పొడిని సత్తుతో కలపకముందే గాలి తగిలేలా ఎర్రగా వేయిస్తే ప్రతి గింజకీ సన్నటి గాజుతొక్క కడుతుంది. ఆ తొక్క ఉంటే సత్తు గింజని కొరకలేదు. దిగడం కూడా తేలికవుతుంది. కానీ వేయించాలి, కూరాలి, పొయ్యాలి, నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడితే ఇప్పటి గతే. మఖ కార్తె దాకా పడుతుందని చెప్పాం.

ఉన్న బియ్యం ఒక్కసారే అటు పంపి బండి ఆపారు. ఆ చివరి బండి వెళ్ళి వచ్చేదాకా నేను కొలిమి దగ్గరికి పోకుండా బండి ఆగే గట్టు మీదే నిలబడ్డాను. పోలయ్య దిగి, "ఏటలా చూస్తావు, దెయ్యాన్ని చూసినట్టు" అన్నాడు.

6. పుష్యమి

పొద్దున జీలుగుకొండ మీద చరియ విరిగింది. ఇళ్ళు కొన్ని మట్టిలో కూరుకుపోయాయని వైర్‌లెస్‌లో చెప్పారు. ఆసుపత్రి మా కొండ మీదే ఉంది. కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు, చిన్నపిల్లలు, గుండెల మీద దూలం పడి ఊపిరాడని సోమన్న అనే ముసలాయన. అందరినీ ఇటు తేవాలి. అవతల మాట్లాడుతున్నది ఆయన కూతురు చిలకమ్మ. "బండి పంపండి. మా అయ్యకి ఊపిరి అందట్లేదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

పోలయ్య అప్పటికే బండి తలుపు తీశాడు. "నెమ్మదిగా తీసుకెళ్ళి తెచ్చేస్తాను."

"ఏ కప్పీ ఎలా ఉందో చూడకుండా వద్దు."

"నేను వెళ్తానంటే నీకేటి?"

"వెళ్ళేది నువ్వొక్కడివే మావా. వచ్చేటప్పుడు నీతో ఎంతమంది?"

అతను తలుపు వదిలేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకామె నన్ను రాతిగుండె అంది. విన్నాను. పనిలో పడ్డాను.

దాలినాయుడన్న మనుషుల్ని స్తంభాల మీదికి పంపాడు. ప్రతి కప్పీ నుంచి రజను తీసి, చిన్న డబ్బాలో వేసి, కప్పీ గుర్తు రాసి కిందికి దించాలి. వానలో జారే నిచ్చెనల మీద అది మామూలు పని కాదు. పోలయ్యే అన్నిటికంటే ఎత్తైన స్తంభం ఎక్కాడు. కింద పాకలో నేనూ హైమక్కా వేడినీళ్ళ గ్లాసులు పరిచి కూర్చున్నాం. చలికాలం కప్పీల్లో అన్నీ ఒకలా లేవు. మొదట్లో పోసినవాటిలో ఇంజను ముక్కలు కొంచెం కలిశాయి, వాటి రజను నిశ్శబ్దంగా అడుగుకి దిగేది. దిగిన ప్రతిసారీ హైమక్క పెదవులు కదిలేవి, లెక్కపెట్టుకుంటోందో మొక్కుకుంటోందో తెలియదు. బుడగలొచ్చినవాటిని విప్పించి, పాత సామాను గదిలో అరిగి పడున్న కప్పీల్ని వాటి స్థానంలో బిగించమన్నాం. అరిగాయి గానీ ఆరోగ్యంగా ఉన్నాయి.

వైర్‌లెస్ పాకలోనే ఉంది. చిలకమ్మ గొంతు వస్తూనే ఉంది. "బయల్దేరిందా?" అని. "ఇంకొంచెం అమ్మా" అని నేను. కాసేపటికి ఆమె అడగడం మానేసింది. పక్కనెవరో పిల్లాడి ఏడుపు మాత్రం వినిపించేది.

పొద్దు వాలుతుండగా ఒక్క కప్పీ తక్కువైంది. మంచివి ఇక లేవు. బుడగలొచ్చినవాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చినది ఏరి, నేలకి దగ్గరగా ఉండే మా ఒడ్డు స్తంభం మీద పెట్టించాం. తీగ జారితే పట్టుకునేలా కింద దుంగల చట్రం కట్టారు.

"మిగిలినవాటి మీద నమ్మకమేనా?" అన్నాడు పోలయ్య.

"వాటి మీద ఉంది."

"చాలు" అని ఎక్కాడు.

బండి మంచులో కలిసిపోయింది. తీగ మీద చెయ్యి వేస్తే వణుకు తెలుస్తుంది గానీ అది మనిషి ఎలా ఉన్నాడో చెప్పదు. రెండు విడతలు అందరినీ తెచ్చాడు. రెండో విడత ఒడ్డు స్తంభం దాటుతుండగా ఆ ఒక్క కప్పీ అంచు విరిగింది. తీగ చట్రం మీద పడి బండి ఒక పక్కకి ఒరిగింది. లోపల అరుపులు. పోలయ్య బ్రేకు మీద ఒళ్ళంతా వేసి ఆపాడు. నాయుడన్న మనుషులు తీగని మోకులతో పట్టి, బండిని అంగుళం అంగుళం గట్టుకి లాగారు. ఎవరికీ కొత్తగా దెబ్బ తగల్లేదు. పోలయ్య అరచేతుల తోలు లేచిపోయింది.

దిగినవాళ్ళలో కట్టు కట్టిన చేత్తో చిలకమ్మ ఉంది. సోమన్న లేడు. మేం గ్లాసుల్లో బుడగలు చూస్తున్నప్పుడే పోయాడట. ఆయన్ని అక్కడే ఉంచి, బతికున్నవాళ్ళని ఎక్కించారు.

7. ఆశ్లేష

కొన్నాళ్ళు రాయలేదు. వేయించిన పొడి బూడిదరంగు పోయి మసక తెల్లగా వచ్చింది. చేత్తో తీస్తే జారుతుంది. మొదటి మూస పోశాం. వేడి తగ్గించాం, సత్తు బాగానే దిగింది. పడవవాళ్ళు ఇంజను ముక్కలు కొన్ని, మెగ్నీషియం కొంచెం తెచ్చారు. హైమక్క ప్రతి కప్పీ నుంచి ముక్క కోసి వేడినీళ్ళలో ఒక పగలంతా ఉడికిస్తోంది. తీసి, బరువు మారిందేమోనని తూకం వేస్తోంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడం లేదు. అన్నం వేళకి నేనే కంచం తెచ్చి ముందు పెడుతున్నాను. తింటోంది.

పోలయ్య చేతులు ఇంకా మానలేదు, నేనే అన్నం కలిపి పెడుతున్నాను. ఒక పూట ఇంకో ముద్ద పెట్టబోతూ ఆగిపోయాను. "ముందే బండి పంపి ఉంటే సోమన్న బతికేవాడు కదా" అన్నాను.

అతను నోట్లో ముద్ద మింగాడు. "బతికేవాడేమో. మేం ఉండేవాళ్ళమో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు" అన్నాడు.

అది ఓదార్పు కాదు. నిజం కాబట్టి కొంచెం నయంగా అనిపించింది.

8. మఖ

కొత్త కప్పీలన్నీ ఎక్కించారు. బండి నడుస్తోంది. ఆసుపత్రిలో మిగిలినవాళ్ళు ఇవాళ జీలుగుకొండకి తిరిగి వెళ్తున్నారు.

బండి వేళకి ముందు చిలకమ్మ కొలిమికి వచ్చింది. నాకంటే చిన్నది. కుడిచెయ్యి ఇంకా మెడకి వేలాడుతోంది. నేను లేచి నిలబడ్డాను.

"వైర్‌లెస్‌లో మాట్లాడింది నువ్వేనా అక్కా?" అంది.

"నేనే."

"ఇంకొంచెం, ఇంకొంచెం అన్నావు."

"అన్నాను."

హైమక్క గ్లాసు పట్టుకుని గోడ వారగా నిలబడిపోయింది. చిలకమ్మ ఆవిడ వంకా చూసింది, కొలిమి వంకా చూసింది. "ఆ కప్పీలేవో నాకు చూపించు" అంది.

మంచి కప్పీ ముక్క ఒకటి, ఆ రోజు విప్పేసిన కప్పీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను. విప్పినది ఇన్నాళ్ళూ వానలోనే పడి ఉంది. ఆమె ముందు మంచి ముక్కని ఎడంచేత్తో ఎత్తి, బల్లకేసి కొట్టింది. ఖంగుమంది. పక్కన పెట్టింది. తర్వాత రెండోదాని అంచు పట్టుకుని నొక్కింది. గట్టిగా కూడా నొక్కలేదు. అది ఆమె పిడికిట్లో అటుకులు నలిగినట్టు నలిగి, వేళ్ళ సందుల్లోంచి తెల్లగా రాలింది.

ఆమె పిడికిలి విప్పి దాన్నే చూస్తూ నిలబడింది.

"ఇది మా బండి మీద ఉండేదా?"

"ఎత్తు స్తంభం మీద. లోయ మధ్యలో."

"ఆ బండిలో నేనూ, మా అక్క పిల్లలూ ఉన్నాం" అంది. తర్వాత మెల్లగా, "మా అయ్య చివర్లో నన్ను పిలిచి, వాళ్ళనేమీ అనకే, తొందరపడి పంపితే తీగ తెగుద్ది అన్నాడు. నాకప్పుడు కోపం వచ్చింది. ఆయన మీదా వచ్చింది, నీ మీదా వచ్చింది. ఇంకా ఉంది, పోలేదు."

"ఉండనీ అమ్మా" అన్నాను. "పోవాలని నేను అడగను."

కింద బండి గంట కొట్టారు. ఆమె కదల్లేదు. అరచేతి మీద ఆ పిండి అలాగే ఉంది, చీరకి తుడుచుకోవడానికి మనసు రానట్టు చెయ్యి దూరంగా పట్టుకుంది.

"నీళ్ళు పొయ్యి" అంది.

చెంబు తెచ్చాను. ఒక్క చేత్తో కడుక్కోవడం కుదరక అవస్థ పడుతుంటే, చెంబు హైమక్కకి ఇచ్చి నేనే ఆమె చెయ్యి పట్టుకున్నాను. హైమక్క సన్నటి ధారగా పోసింది. వేళ్ళ సందులూ, గోళ్ళ కిందా, మణికట్టు దాకా మొత్తం కడిగి, నా కొంగుతో తుడిచాను. తుడిచేదాకా ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.